విప్పిన చోట అంతా చూసి మూయండి

(పాత వాహనాల్లో బెల్టులు, పంపులు మార్చడం గురించి విజయవాడలో ఐటీఐ విద్యార్థులకు, పాత కార్ల యజమానులకు ఒక విశ్రాంత మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. ఇందాక పరిచయం చేసిన మాస్టారు నన్ను నిపుణుడు అన్నారు. అంత మాట వద్దు. ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు షెడ్డు నడిపాను. ఆ షెడ్డులో చేసిన తప్పులు నాకు బాగా గుర్తున్నాయి. ఈ రోజు ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

ముందు వరుసల్లో ఐటీఐ పిల్లలు ఉన్నారు. వెనక పాత కార్లున్న పెద్దలు ఉన్నారు. ఒకరు బండి విప్పేవాళ్లు, ఒకరు డబ్బు ఇచ్చేవాళ్లు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వినడం నేను ఇదే మొదటిసారి చూస్తున్నాను. మామూలుగా ఒకరు బానెట్ దగ్గర, ఇంకొకరు టీ కొట్టు దగ్గర ఉంటారు.

బల్ల మీద ఈ చిన్న రోలర్ చూడండి. అరచేతిలో ఇమిడిపోతుంది. దీని పేరు టెన్షనర్. ఇంజను లోపలి కదలికలు తాళం తప్పకుండా చూసే పళ్ల పట్టీని టైమింగ్ బెల్ట్ అంటారు. అది వదులు కాకుండా పక్క నుంచి నొక్కి పట్టుకోవడమే దీని పని. 2006 వేసవిలో ఒక లెక్కల మాస్టారు తన డీజిల్ కారు తీసుకొచ్చారు. "రిటైర్మెంటు దగ్గర పడింది, కాస్త ఖర్చు తగ్గించి చెయ్యవయ్యా" అన్నారు. టైమింగ్ బెల్ట్ మార్చాను. ఈ రోలర్‌ను వేలితో తిప్పి చూశాను. చిన్న గరగర. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడనంత. ఇంకో ఏడాది నడుస్తుందిలే అనుకుని పాతదే బిగించాను. మాస్టారికి ఎనిమిది వందలు మిగిల్చానని లోపల సంతోషపడ్డాను కూడా.

ఏడు నెలలు తిరక్కుండా సూర్యాపేట దాటాక ఈ బేరింగ్ పట్టేసింది. తిరగని రోలర్ మీద కొత్త బెల్ట్ రాసుకుని, కాలి, తెగింది. నాలుగు సిలిండర్లకు ఉన్న ఎనిమిది వాల్వులూ వంగాయి. లారీ మీద ఎక్కించి తెచ్చారు. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, దించాల్సి వచ్చింది. మాస్టారు నన్ను తిట్టలేదు. "నువ్వు మిగిల్చిన ఎనిమిది వందలకు వడ్డీ ఎంతయిందో లెక్క కట్టావా?" అని మాత్రం అడిగారు. ఆ పనికి కూలి తీసుకోలేదు. రోలర్ మాత్రం ఉంచుకున్నాను. తిప్పి చూడండి, ఇప్పటికీ తిరగదు.

ఆ బండి టైమింగ్ కవర్ విప్పడానికి నాకు అర పూట పట్టింది. ఇంజను మౌంటింగ్ దించాలి, క్రాంకు పుల్లీ లాగాలి, అడ్డం వచ్చే బెల్టులన్నీ తీయాలి. మాస్టారు కట్టిన కూలిలో ఎక్కువ భాగం ఆ విప్పడానికి, మళ్లీ బిగించడానికే. లోపల బెల్ట్ మార్చడం పావుగంట పని. రోలర్ కూడా మార్చి ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. అదే రోలర్ కోసం ఏడాది తర్వాత వచ్చినా, దారిలో తెగకపోయినా, ఆ అర పూట కూలి మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే. అందుకే బండి యజమానులకు చెబుతున్నాను. మెకానిక్ "దీనితో పాటు అది కూడా మారుద్దాం" అన్నప్పుడు వెంటనే అనుమానపడకండి. అది ఎక్కడ ఉంది, దాన్ని తర్వాత మార్చాలంటే మళ్లీ ఏమేం విప్పాలి అని అడగండి. అదే దారిలో విప్పాలి అంటే మార్పించుకోండి. వేరే చోట ఉంది, పైపైనే అందుతుంది అంటే పాడయ్యాకే మార్చవచ్చు.

టైమింగ్ బెల్ట్ అంటే ఏమిటో వెనక కూర్చున్నవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. పిస్టన్లు తిప్పే కింది ఇరుసు క్రాంకు, పై ఇరుసు క్యాం. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి పైన క్యాం ఒక చుట్టు తిరగాలి. సిలిండరులోకి గాలి వచ్చే, పొగ పోయే దారుల తలుపులు వాల్వులు. క్యాం వాటిని తెరిచి మూస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చే సమయానికి వాల్వు పక్కకు తప్పుకోవాలి. ఈ తాళం తప్పకుండా చూసేది పళ్లున్న ఈ రబ్బరు పట్టీ. డీజిల్ ఇంజన్లలో సంపీడన నిష్పత్తి, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, ఎక్కువ. పాత పెట్రోలు కార్లలో తొమ్మిదికి అటూ ఇటూ ఉంటే, పాత డీజిల్ కార్లలో ఇరవై దాటుతుంది. అంటే పిస్టన్ పైకి వచ్చాక హెడ్డుకూ దానికీ మధ్య మిగిలే చోటు చాలా తక్కువ. తెరిచి ఉన్న వాల్వు పిస్టన్‌కు తగలక తప్పదు. కొన్ని పెట్రోలు ఇంజన్లలో ఆ చోటు సరిపడా ఉంటుంది కాబట్టి బెల్ట్ తెగినా బండి ఆగిపోవడంతో సరిపోతుంది. మీ బండి ఏ రకమో కంపెనీ మాన్యువల్ చూసి తెలుసుకోండి. బెల్ట్ తెగాక తెలుసుకోవడం బాగా ఖరీదైన పద్ధతి.

ఇక్కడ ఒక ముచ్చట. పళ్లున్న ఈ బెల్ట్ పుట్టింది కారు కోసం కాదు. 1940లలో అమెరికాలో కుట్టు మిషన్ కోసం తయారైంది. సూది కిందికి దిగే క్షణం, కింద బాబిన్ కొక్కెం దారం అందుకునే క్షణం కలవాలి కదా. మా అమ్మ మిషన్ కుట్టేది. తాళం తప్పితే దారం గుత్తి కట్టేది. జనం కొనే కార్లలోకి ఈ బెల్ట్ 1962లో వచ్చింది, జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ చేసిన 1004 అనే కారుతో. అంతవరకూ కార్లలో గొలుసులు, పళ్ల చక్రాలే. మన పాత అంబాసిడర్, పద్మిని రెండింటికీ గొలుసే ఉండేది. అందుకే ఆ బండ్ల మీద పెరిగిన పెద్ద మేస్త్రీలకు టైమింగ్ బెల్ట్ మార్చే అలవాటు లేదు. గొలుసు సాగితే చప్పుడు చేసి చెబుతుంది. బెల్ట్ ఏమీ చెప్పదు. నిన్నటి వరకు నిశ్శబ్దంగా తిరిగి ఇవాళ తెగుతుంది. మారుతి 800 మన రోడ్ల మీదికి 1983 డిసెంబరులో వచ్చినప్పుడు మా గురువు గారికి అది అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. "చప్పుడు లేదు కదరా, బాగానే ఉంది" అనేవారు.

ఆ 800నే ఉదాహరణగా తీసుకుందాం. ఈ గదిలో నలుగురైదుగురి దగ్గర ఉన్నట్టుంది, కింద చెట్టు నీడలో చూశాను. చివరి 800 తయారైంది 2014 జనవరిలో. అంటే అన్నింటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. "మా బండి ఇరవై వేలే తిరిగింది, బెల్ట్ ఎందుకు మార్చాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. తిరగకపోయినా రబ్బరు వయసు ఆగదు. ఇంజను వేడి, ఆయిల్ తడి, మన ఎండ అన్నీ దాని మీద పనిచేస్తూనే ఉంటాయి. మాన్యువల్‌లో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ ఇస్తే ఏది ముందు వస్తే అది లెక్క. మాన్యువల్ లేని పాత బండిని ఎవరి దగ్గరో కొన్నారనుకోండి, బెల్ట్ ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్లు లేరనుకోండి, మార్చలేదనే అనుకుని మార్చేయండి. కొన్న మొదటి వారంలోనే. సీటు కవర్లు తర్వాత వేయించుకోవచ్చు.

బెల్ట్ తీసేటప్పుడు పిల్లలు చేసే మొదటి పొరపాటు, గుర్తులు కలపకుండా తీసేయడం. క్రాంకు పళ్లచక్రం మీద ఒక చుక్క ఉంటుంది, ఎదురుగా ఆయిల్ పంపు బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. పైన క్యాం చక్రానికీ, లోపలి కవరుకూ మధ్య ఇంకో గుర్తు. ముందు పానాతో క్రాంకు తిప్పి ఈ రెండు జతలూ కలపండి. అప్పుడు బెల్ట్ తీయండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే క్రాంకు తేలిగ్గా తిరుగుతుంది. కొత్త బెల్ట్‌ను మడవకండి, తిరగేసి మెలితిప్పకండి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎక్కించకండి. లోపల గాజు నార దారాలు ఉంటాయి. గాజును మరీ వంచితే విరుగుతుంది. పైకి ఏమీ కనపడదు. ఆరు నెలల తర్వాత "కొత్త బెల్ట్ తెగింది, డూప్లికేట్ సామాను వేశాడు" అని యజమాని అంటాడు. చాలాసార్లు సామాను మంచిదే, వేసిన చెయ్యి మంచిది కాదు.

బెల్ట్ ఎక్కించి, టెన్షనర్ స్ప్రింగు తగిలించి, బోల్టు బిగించాక సెల్ఫ్ కొట్టకండి. పానా పెట్టి చేత్తో నెమ్మదిగా క్రాంకును తిరిగే దిశలోనే రెండు చుట్లు పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే, ఆగండి. అది పిస్టన్ వాల్వును తాకిన స్పర్శ కావచ్చు. నెమ్మదిగా తిప్పి తగలగానే ఆగిన చేతికి వాల్వు వంగదు, సెల్ఫ్ మోటారు బలానికి వంగుతుంది. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా మళ్లీ తీసి వేయాల్సిందే. నేను ఇప్పటికీ రెండు చుట్లు తిప్పాక బయటికి వెళ్లి టీ తాగి వచ్చి మూడోసారి చూస్తాను. నవ్వకండి. టీ తాగి వచ్చిన కళ్లకు కనిపించేది వేరు.

ఆ చోటు విప్పి ఉన్నప్పుడే చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. క్రాంకు ముందు ఆయిల్ సీల్, క్యాం ఆయిల్ సీల్, అంటే ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగులు. వాటి కింద తడి కనిపిస్తే ఆ తడి కొత్త బెల్ట్ మీదికే కారుతుంది, ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి పళ్లు ఊడుతుంది. తడి లేకపోయినా పదేళ్ల సీలును ఉంచడం నాకు ఇష్టం ఉండదు. ఇక ఇంజనును చల్లబరిచే నీళ్లను తిప్పే వాటర్ పంపు. 800లో పంపును తిప్పేది బయటి ఫ్యాన్ బెల్టే. కానీ పంపును విప్పి బయటికి తీయాలంటే టైమింగ్ బెల్ట్ తీయక తప్పదు. అందుకని ఆ బండిలో బెల్ట్ మార్చేటప్పుడు పాత పంపును ఉంచడమంటే పైసా పైసా కూడబెట్టి రూపాయి పారేసుకోవడమే.

ఫ్యాన్ బెల్ట్ అన్నాను కదా. 800లో ఫ్యాన్ కరెంటు మోటారుతో తిరుగుతుంది. ఆ బెల్ట్‌కూ ఫ్యాన్‌కూ ఏ సంబంధమూ లేదు. అయినా మనం ఫ్యాన్ బెల్ట్ అనే అంటాం. అంబాసిడర్‌లో వాటర్ పంపు పుల్లీకే ఫ్యాన్ బిగించి ఉండేది, ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది, అదే ఏడాది 800 కూడా. పేరు మాత్రం షెడ్డులో మిగిలింది.

పాత రకం ఫ్యాన్ బెల్ట్ అడ్డంగా కోస్తే తిరగేసిన గోపురంలా ఉంటుంది. ఇది పుల్లీ గాడిలో పక్క గోడల్ని పట్టుకుని లాగాలి, అడుగును తాకకూడదు. అరిగిన బెల్ట్ అడుగుకు దిగి, అక్కడ జారి, పుల్లీ అడుగును అద్దంలా మెరిపిస్తుంది. పుల్లీ గాడిలోకి టార్చి వేసి చూడండి. అడుగు మెరుస్తోందంటే బెల్ట్ పని అయిపోయిందన్నమాటే. పొద్దున బండి తీయగానే కీచుమని అరిస్తే సబ్బు రుద్దడం మన వాళ్ల అలవాటు. సబ్బు అరుపును ఆపుతుంది, జారడాన్ని ఆపదు. జారే బెల్ట్ పంపును సరిగా తిప్పదు, డైనమోను సరిగా తిప్పదు. హెడ్‌లైట్లు మసకబారి, ఇంజను వేడెక్కి, చివరికి బ్యాటరీ మీద నెపం పడుతుంది.

రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి కాస్త తక్కువగా దిగాలి. ఇంత కంటే వదులైతే జారుతుంది, ఇది అందరికీ తెలుసు. బిగువెక్కువైతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఒక అంబాసిడర్ టాక్సీ యజమాని ఒకే ఏడాదిలో మూడు వాటర్ పంపులు మార్చాడు. మూడో పంపు షాపు వాడితో గొడవ పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. బెల్ట్ మీద వేలు పెట్టాను. వీణ తీగలా మోగింది. అతని డ్రైవరు బెల్ట్ అరుపు వినలేక డైనమోను పెద్ద పలుగుతో వెనక్కి లాగి బిగించేవాడు. ఆ లాగుడంతా పంపు బేరింగ్ మీద పడుతోంది. పంపులో ఏ లోపమూ లేదు. బెల్ట్ సరిచేశాక నాలుగో పంపు ఏళ్ల తరబడి నడిచింది.

కొత్త రకం బండ్లలో చారలున్న వెడల్పాటి బెల్ట్ ఉంటుంది. వీటి గురించి ఒక పాత నమ్మకం వదిలేయాలి. పూర్వపు రబ్బరు ముసలిదైతే అడ్డంగా పగుళ్లిచ్చేది, లెక్కపెట్టి మార్చేవాళ్లం. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తున్నారు. ఇవి తొందరగా పగలవు. కారు టైరులాగా మెల్లగా అరుగుతాయి. పగుళ్లు లేవు కాబట్టి బాగుందనుకోకూడదు. చారల మధ్య లోయ వెడల్పు అయిందా, శిఖరాలు మొద్దుబారాయా అని చూడాలి. కొలిచే ప్లాస్టిక్ గేజీలు దొరుకుతాయి. లేకపోతే పక్కన కొత్త బెల్ట్ పెట్టి వేలిగోరుతో రెండింటి చారలూ గీకి చూడండి, తేడా గోరుకే తెలుస్తుంది.

ఇక మళ్లీ వాటర్ పంపు. ఈ పంపు కింది వైపు చూడండి, సన్నని కన్నం ఉంది. చీపురు పుల్ల దూరేంత. దీన్ని వీప్ హోల్ అంటారు. పంపు లోపల ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క గ్రీజు నింపిన బేరింగ్. రెండింటి నడుమ ఒక సీలు. సీలు అరిగి నీళ్లు దాటడం మొదలైతే అవి బేరింగ్‌లోకి పోకుండా బయటికి పోయే దారి ఈ కన్నం. ఇక్కడి నుంచి చుక్క రాలినా, ఎండిన పచ్చటి మరకో తుప్పు మరకో కనిపించినా పంపు తన కాలం దగ్గర పడిందని చెబుతున్నట్టే. ఈ పంపును నేను ఎందుకు దాచానంటే, ఈ కన్నాన్ని ఎవరో ఎం సీల్ ముద్దతో పూడ్చేశారు. కారడం ఆగింది. నీళ్లు బేరింగ్‌లోకి పోయి గ్రీజును కడిగేశాయి. షాఫ్టు ఊగి, ఫ్యాన్ ముందుకు వచ్చి రేడియేటర్‌ను కోసేసింది. ఈ గీతలు చూడండి. ముద్ద పెట్టినవాడు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటాడు. ఆ ముద్ద ఖరీదు ఇరవై ముప్పై రూపాయలు, రేడియేటర్ ఖరీదు యజమానిని అడగాలి.

పంపును పరీక్షించడం తేలిక. ఇంజను ఆపి, చల్లారాక, బెల్ట్ వదులు చేసి పుల్లీని రెండు వైపులా పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఏ మాత్రం ఊగినా మార్చాలి. తిప్పితే మెత్తగా, బరువుగా తిరగాలి. గలగలమంటే మార్చాలి. పాత బండికి పంపు దొరకకపోతే పాత పంపు బాడీని ఇనుప సామాన్లవాడికి వేయకండి. బాడీ పగలకపోతే షాఫ్టు బేరింగ్, సీలు, నీళ్లను తోసే రెక్కల చక్రం ఇంపెల్లర్ మార్చి తిరిగి ప్రెస్ చేయించవచ్చు. మన ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లకు అది కొత్తేమీ కాదు. కొత్త పంపు బిగించేటప్పుడు పాత ప్యాకింగ్ పీలికలు బ్లేడుతో పూర్తిగా గీకేయండి. ప్యాకింగ్‌కు ఇరుపక్కలా గమ్ము దట్టంగా పూసేవాళ్లు ఉన్నారు. ఆ గమ్ము ఊడి నీళ్లలో కొట్టుకుపోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో కూర్చుంటుంది.

పంపు త్వరగా పోవడానికి ఇంకో కారణం నీళ్లు. మీ ఇంట్లో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లటి సున్నం పొర కడుతుంది. అదే ఇంజను లోపల కూడా కడుతుంది. సీలు ముఖాల మధ్య ఆ సున్నం రేణువులు ఆకురాయిలా పనిచేస్తాయి. కూలెంటు అంటే రంగు నీళ్లు అనుకుని "ఎండాకాలంలో మంచు ఎక్కడిది, మనకెందుకు" అంటారు. అందులో తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి, సీలుకు జారుడు ఉంటుంది. మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. కూలెంటు, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) సగం సగం కలిపి, మూత మంచిదైతే, 125 డిగ్రీలు దాటితే గానీ మరగదు. మూత అన్నాను, గమనించండి. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, నీళ్లు వంద డిగ్రీలకే మరుగుతాయి. చాలా బండ్ల వేడి రోగం ఆ మూతతో నయమవుతుంది. కానీ వేడి మీద ఉన్న మూత మాత్రం తీయకండి. నా ఎడమ చేతి మీద ఈ మచ్చ 1989 నాటిది.

థర్మోస్టాట్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంజను వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వకుండా ఆపే చిన్న తలుపు ఇది. మన ప్రాంతంలో బండి వేడెక్కిందనగానే మొదట పీకి పారేసేది దీన్నే. "వేడి దేశంలో దీని పనేంటండీ" అంటారు. ఇది లేకపోతే ఇంజను తనకు కావలసిన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ల లోపలి గోడలు త్వరగా అరుగుతాయి. బైపాస్ దారి ఉన్న కొన్ని ఇంజన్లలో అయితే ఇది లేనప్పుడు వేడి నీళ్లు రేడియేటర్ దాకా వెళ్లకుండా అడ్డదారిలో తిరిగి ఇంజనులోకే వస్తాయి. చల్లబడాల్సింది పోయి ఇంకా వేడెక్కుతుంది. అనుమానం ఉంటే ఇంటికి తీసుకెళ్లి గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచండి. పాలు కాచే గిన్నె వద్దు, ఇంట్లో గొడవ. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది. థర్మామీటర్ ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి నోరు తెరవడం మొదలుపెట్టాలి, దించి చల్లారిస్తే మూసుకోవాలి. తెరవకపోతే కొత్తది వేయండి. అది ఖరీదైన వస్తువు కాదు.

పెట్రోలు పంపు గురించి త్వరగా చెబుతాను, సమయం అయిపోతోంది. పాత అంబాసిడర్, పద్మిని, కార్బురేటర్ 800 బండ్లలో క్యాం నెట్టే మీటతో ఆడే డయాఫ్రం పంపు ఉంటుంది. డయాఫ్రం అంటే లోపల ఆడే పలచటి పొర. ఏప్రిల్, మే నెలల్లో బండి ఆగి, డ్రైవరు పంపు మీద తడి గుడ్డ వేయడం ఇక్కడున్న పెద్దలందరూ చూసి ఉంటారు. పెట్రోలు ఆవిరై పంపులో గాలి బుడగలా నిలిచిపోతుంది, తడి గుడ్డతో అది మళ్లీ ద్రవమవుతుంది. తడి గుడ్డ తప్పేమీ కాదు. కానీ ఏటా అదే జరుగుతుంటే డయాఫ్రం బలహీనపడిందేమో చూడాలి. అది చిరిగితే పెట్రోలు ఆయిల్ చాంబరులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగిందీ, పెట్రోలు వాసన వస్తోందీ అంటే బండి నడపకండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడదు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. పాత బండ్ల డయాఫ్రంలు, హోస్ పైపులు ఆ కాలపు రబ్బరువి, ఇథనాల్ కోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, గట్టిపడతాయి, పగులుతాయి. పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే పైపును నెలకోసారి వేలితో వంచి చూడండి. మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదా అని అడిగి తీసుకోండి. ఇంజను వేడి మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్ల పంపులు ముందుగా కాలిపోవడం నేను చాలా చూశాను. డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మే మైకో పంపు జోలికి మాత్రం నేను పోను. దానికి కాలిబ్రేషన్ బెంచ్, అంటే పంపు చిమ్మే కొలత సరిచూసే యంత్రం, ఉన్న షాపులు వేరే ఉన్నాయి. డీజిల్ పైపుల్లో ఎయిర్ పడితే తీసేయడం మన పని, లోపల సీళ్లు విప్పడం మన పని కాదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(తయారీ ఆగిపోయిన బండికి సామాను ఎలా ఎంచుకోవాలని ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్న అండి. పాతది చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లండి, ఫోనులో ఫొటో సరిపోదు. బెల్ట్ అయితే పళ్లు లెక్కపెట్టండి, పంపు అయితే బోల్టు కన్నాల వరుస, షాఫ్టు పొడవు, ఇంపెల్లర్ వ్యాసం పక్కపక్కన పెట్టి చూడండి. పాత స్టాకు దొరికిందని సంబరపడకండి. ఇనుము ఎన్నాళ్లున్నా ఫర్వాలేదు, రబ్బరు షాపులోనూ ముసలిదవుతుంది. గోడకు మేకుకు వేలాడుతూ పొద్దుటి ఎండ తగిలే బెల్ట్ వద్దు. పెట్టెలో, చీకట్లో ఉన్నది అడగండి. మామూలు ధరలో సగానికే ఇస్తానంటే నేనైతే కొనను.

(పదిహేనేళ్లు దాటిన బండి మీద ఇంత ఖర్చు దండగ కాదా అని మరొకరు అడిగారు.)

ఎవరి లెక్క వారిది. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ రుసుము 600 నుంచి 5000 అయింది. మా షెడ్డుకు వచ్చిన ఒకాయన ఆ ఐదు వేలు కట్టి, ఫిట్‌నెస్ కోసం రంగు వేయించి, బెల్టు మాత్రం "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. కాగితం ఐదేళ్లు చెల్లుతుంది, లోపలి రబ్బరుకు ఆ సంగతి తెలియదు కదా. మొదట లోపల చేయించి, మిగిలితే రంగు వేయించుకోండి.

(చేసిన పని గుర్తుంచుకోవడం ఎలా అని ఒక విద్యార్థి అడిగాడు.)

పుస్తకంలో రాస్తే పుస్తకం పోతుంది బాబూ. నేను బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాసేవాణ్ణి. బెల్ట్, పంపు, సీళ్లు, తేదీ, కిలోమీటరు. బండి ముగ్గురు చేతులు మారినా బానెట్ దానితోనే ఉంటుంది. రెండేళ్ల కింద గుడివాడ రోడ్డులో ఆగిపోయిన ఒక 800 బానెట్ ఎత్తితే నా చేతిరాతే కనపడింది, 2011 అని. తర్వాత ఎవరూ కింద ఇంకో గీత రాయలేదు.

సరే, ఇక ఈ బల్ల దగ్గరికి రండి. పట్టేసిన రోలర్ కాకుండా ఇంకో రెండు తెచ్చాను. ఒకటి కొత్తది, ఒకటి సగం పోయినది. రెండింటినీ నూనె పోయేలా తుడిచి పెట్టాను, చూస్తే తేడా తెలియదు. కళ్లు మూసుకుని చెవి దగ్గర తిప్పండి, ఏది ఏదో చెప్పండి. ఫ్యాను కాస్త ఆపండి మాస్టారూ, ఆ గాలి చప్పుడులో వినపడదు.